చల్లటి ఇంజిను

సైఫ్ బిన్ హమూద్ మూడోసారి వచ్చిండు.
అదే పాత పికప్, వెనుక అదే మేకల వాసన,
అదే మాట:
"పొద్దుగాల కొడ్తది. మీ దగ్గరికొస్తే కొట్టది."

నోటితోని చేసి చూపించిండు,
టిక్‌టిక్‌టిక్, మధ్యల ఒకటి మింగి, టిక్.
చప్పుడుకు అరబ్బీ లేదు, తెలుగు లేదు.
మా కోరుట్లల దర్జీ నాంపల్లి మిషను
దారం తెగినంక గూడ గట్లనే కుడుతుండె.

బానెట్ లేపిన.
పొడుగు స్క్రూడ్రైవర్ పిడి కుడిచెవికి ఆనిచ్చి
మొనను ఒక్కోదాని మీద పెట్టుకుంట పోయిన.
ఆల్టర్నేటర్ల సన్నని గుర్రు.
టాపెట్ కవర్ కింద పెనం మీద జొన్నలు వేగినట్టు,
అది మామూలే.
బెల్టు తీసి నడిపిన, పుల్లీని వేలితోని తిప్పిన,
కదిలే ప్రతి బోల్టునూ కదిలించిన.
ఏదీ దొరకలే.
పంతులొచ్చిన క్లాసు లెక్క
ఇంజినంత చేతులు కట్టుకున్నది.

సోహెల్, చిట్టగాంగు పిల్లగాడు, నవ్విండు:
"ఉస్తాద్, ముసలోని చెవులల్ల భూతమున్నది."
నేను నవ్వలే.

నా ఎడమ చెవిల మూడేండ్ల సంది ఒక ఈల.
పన్నెండేండ్లు కంప్రెషర్ పక్కన నిలబడ్డ చెవి అది.
రాత్రి గదిల ఏసీ ఆగంగనే మొదలైతది,
ఎవరన్న పలకరిస్తే ఆగుతది.
డాక్టర్ ముంగట కూసున్న నాడు
ఇగో, ఈ బండి లెక్కనే నోరు మూసుకున్నది.
ఏం లేదని రాసిచ్చిండు. ఎనిమిది రియాళ్లు.
లేని చప్పుడుకు ఎనిమిది రియాళ్లు కట్టినోనికి
ఇంకొకని చప్పుడు మీద నవ్వెట్ల వస్తది?

"బండి ఇక్కడ పండుకోనియ్యి" అన్న.
"రేపు శుక్రవారం, మేకల సంత" అన్నడు.
కాసేపు గడ్డం నిమురుకున్నడు.
తమ్మునికి ఫోన్ చేసిండు.

డిసెంబరు రాత్రి. నిజ్వా సనాయాల షటర్లన్ని దిగినయ్.
జబల్ అఖ్దర్ మీదికెళ్లి జారిన చలి
మా రేకుల మీద కూసున్నది.
బండి పక్కన అట్టపెట్టెలు పరిచి
రెండు దుప్పట్లు కప్పుకొని పన్నం.
ఇంజిను చల్లారుకుంట ఇనుము సర్దుకుంటున్నది.
ఒక చిటుకు. ఇంకొకటి. చానసేపటికి ఇంకొకటి.
అవి కావు. అది నిద్రల ఒత్తిగిల్లుడు.

అజాకు ముందే లేచిన.
ఎడమ చెవిల దూది కుక్కుకున్న.
తాళం తిప్పుమన్న సోహెల్‌ను.

టిక్‌టిక్‌టిక్,
ఒకటి మింగి,
టిక్.

ముసలాయన ఉచ్చారణల తప్పు లేదు.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మోకాళ్ల మీద వంగిన.
సైలెన్సర్ మొదలయ్యే కాడ, నాలుగో సిలిండర్ పక్కన
అరచెయ్యి గాలిల నిలబెట్టిన.
ఎవరో పసిపోరడు ఊదుతున్నట్టు తగిలింది.
లైటేస్తే, ఎంట్రుకంత పగులు.
చలికి నోరు తెరుస్తది.
వేడెక్కితే ఇనుము ఉబ్బి పెదవులు కలుస్తయ్.
బిర్కత్ అల్ మౌజ్ నుంచి మా షెడ్డుకు ఇరవై నిమిషాలు,
దానికి నాలుగైదు చాలు.

చెయ్యి కాలేదాక తియ్యలే.
గాలి పలచబడ్డది. టిక్కులు మెత్తబడ్డయ్.
ఒక్కటి వస్తదా రాదా అన్నట్టు వచ్చింది.
ఆ తర్వాత రాలే.
సోహెల్ నా దిక్కు చూసిండు, నేను సుద్దముక్క తీసుకొని
పగులు మీద అడ్డంగ గీత గీసిన,
మళ్లీ మాయమైతే గుర్తుకు.

అజా ముగిసినంక దూది తీసిన.
ఈల ఆడనే ఉన్నది, నా కోసం కూసున్నట్టు.
డాక్టర్ దగ్గరికి ఇంకోసారి పోవాలె.
పోయి ఏమని చెప్పాలె?
మా గదికి రండి సారూ, ఏసీ ఆగినంక,
నా పక్క మంచం ఖాళీగనే ఉన్నది అనాల్నా?

ఫ్లాస్కుల సులేమాని చాయ ఇంకా వేడిగున్నది.
మూత తిప్పంగనే
టిక్కుమన్నది.
సోహెలూ నేనూ
ఒక్కపారే తలలెత్తినం.